తాళ్ళశాలలో ఎర్ర కుర్చీ

ఒక రాజ్యంలో ఏడు పనిశాలలుండేవి. గానుగశాల ఒకటి, కుమ్మరిశాల ఒకటి, అద్దకంశాల ఒకటి, ఇలా ఏడు. ఏడోది తాళ్ళశాల. అది ఏటి ఒడ్డున ఉండేది. ఆ రాజ్యంలో పడవ కట్టాలన్నా, బావిలో చేద వెయ్యాలన్నా, ఏనుగును ఆపాలన్నా తాడు అక్కణ్ణుంచే రావాలి.

ఒక ఏడాది రాజుగారికి కాలు విరిగింది. నెల్లాళ్ళు మంచం మీద ఉన్నారు. కొండ మీది తన భవనానికి అరవైనాలుగు మెట్లున్నాయన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ నెల్లాళ్ళలో చూపులేనివాళ్ళు, నడవలేనివాళ్ళు, వినపడనివాళ్ళు ఎలా బతుకుతున్నారో అని నిజంగానే బాధపడ్డారు. ప్రతి పనిశాలలోనూ అలాంటివాళ్ళు ఒక్కరైనా ఉండి తీరాలని ఆజ్ఞ వేశారు. తర్వాత కాలు బాగైంది. మెట్ల సంగతి మరిచిపోయారు. ఆజ్ఞ మాత్రం అప్పటికే దండోరా అయిపోయింది.

ఉత్త ఆజ్ఞతో పని జరగదని, పనిశాలలు నడిపే మేస్త్రులకు ముందు నేర్పాలని మంత్రులన్నారు. ఏడుగురు మేస్త్రులను కొండ మీదికి పిలిపించి ముప్పై రోజుల శిక్షణ పెట్టారు. నేర్పడానికి ఒక గురువుగారిని కుదిర్చారు. ఆయన మంచివాడు, బాగా చదువుకున్నవాడు. గొంతెత్తితే కొండ కిందికి వినపడేది. ఆ గొంతంటే ఆయనకు కొంచెం ఇష్టం కూడా.

మొదటి పది రోజులు మాటలు నేర్పారు. చెవిటి అనకూడదు, నిశ్శబ్ద మహనీయులు అనాలి. గుడ్డి అనకూడదు, అంతర్నేత్ర సంపన్నులు అనాలి. కుంటి అనకూడదు, స్థిరాసన మూర్తులు అనాలి. గానుగ మేస్త్రికి నోరు తిరగక మూడు రోజులు ఎక్కువ పట్టింది.

రెండో పది రోజులు అనుభవం. కళ్ళకు గంతలు కట్టుకుని తోటలో తిరిగారు. చెవుల్లో దూది పెట్టుకుని బల్లల మీద కూర్చున్నారు. మధ్యాహ్నం గంతలు విప్పేసి, దూది పారేసి, పులిహోర తిన్నారు. అద్దకం మేస్త్రి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. గురువుగారు అతన్ని లేపి నిలబెట్టి అందరికీ చూపించారు.

మూడో పది రోజులు మర్యాద. అలాంటివారు ఎదురైతే చేతులు జోడించాలి. తల పూర్తిగా వంచాలి. మెత్తగా మాట్లాడాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ శ్రమపెట్టకూడదు.

ఈ ముప్పై రోజుల్లో వినపడని మనిషి గానీ, చూపులేని మనిషి గానీ, కాలు లేని మనిషి గానీ ఒక్కరూ ఆ గదిలోకి రాలేదు. పిలవాలని ఎవరికీ తోచలేదు. పిలిచినా మధ్యలో అరవైనాలుగు మెట్లున్నాయి.

చివరి రోజున తాళ్ళ మేస్త్రి లేచి నిలబడ్డాడు. అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"గురువుగారూ, మా శాల ఎనభై అంగల పొడుగండి. ఇటు చివర నేనుంటాను. అటు చివర చక్రం తిప్పే మనిషుంటాడు. నేను తిప్పమంటే తిప్పాలి, ఆపమంటే ఆపాలి. ఒక్క చుట్టు ఎక్కువైందంటే మోకు మెలికలు పడిపోద్ది. మరి ఆ మనిషికి నా కేక వినపడకపోతే ఏం చెయ్యాలండి?"

గురువుగారు చిరునవ్వు నవ్వారు. "ముందు నీ హృదయం వినాలి నాయనా."

"హృదయానికేం, వింటదండి. చక్రం సంగతి అడుగుతున్నాను."

"అది మన పాఠంలో లేదు," అన్నారు గురువుగారు.

ఆ సాయంత్రం ఒక్కో మేస్త్రికి ఒక్కో ఎర్ర మఖ్మలు కుర్చీ ఇచ్చారు. ఆజ్ఞ ప్రకారం చేర్చుకున్న మనిషిని అందులో కూర్చోబెట్టాలి. రోజూ పొద్దున్నే దండ వెయ్యాలి. మూడు నెలల తర్వాత గురువుగారే స్వయంగా చూడటానికి వస్తారు. కుర్చీలో మనిషి లేకపోతే, అక్కడ ఆ మనిషికి ఆదరణ లేనట్టు. అప్పుడు ఆ మనిషిని కొండ మీది గౌరవ మందిరానికి తీసుకుపోతారు. అక్కడ బతికినన్నాళ్ళు తిండి, బట్ట, మెత్తటి ఆసనం అన్నీ ఉంటాయి. పని ఉండదు.

తాళ్ళ మేస్త్రి కుర్చీని నెత్తిన పెట్టుకుని మెట్లు దిగాడు.

తాళ్ళశాల చూరు కింద ఒకామె కొబ్బరి డొక్కలు బాది పీచు తీస్తుండేది. ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టినప్పట్నుంచీ వినపడదు. దగ్గరున్న మనిషి పెదాలు కదలడం చూసి మాట పట్టుకునేది. వాళ్ళ నాన్న పాతికేళ్ళు లోపల చక్రం తిప్పాడు. ఆ చక్రానికి రెండు పిడులుంటాయి. చిన్నప్పుడు ఆమె తండ్రి పక్కన నిలబడి రెండో పిడి పట్టుకుని తిప్పేది. పురి ఎక్కడ బిగుస్తోందో, ఎక్కడ వదులవుతోందో ఆమె అరచేతులకు తెలుసు. కేక విని ఆపడం మాత్రం తండ్రి చూసుకునేవాడు. తండ్రి పోయాక చక్రం తనకిమ్మని మూడుసార్లు చేతులతో అడిగింది. మూడుసార్లూ మేస్త్రి తన చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆమె వెనక్కి పోయి డొక్కలు బాదుకుంది.

ఇప్పుడు మేస్త్రి ఆమెను పిలిచి లోపలికి తీసుకొచ్చాడు. ఆమె మొహం వెలిగిపోయింది. చక్రం పక్కన కాస్త ఖాళీ జాగా ఉంది. కుర్చీ అక్కడ వేసి, ఆమెను కూర్చోబెట్టి, దండ వేశాడు.

అందరూ వరసగా వచ్చి నమస్కారం పెట్టారు. మేస్త్రి నేర్పినట్టే తలలు పూర్తిగా వంచారు. తలలు వంచేసరికి ఆమెకు ఒక్కరి నోరూ కనపడలేదు. చూరు కిందున్నన్నాళ్ళు పీచు కోసం వచ్చినవాళ్ళు ఆమెతో కబుర్లాడేవాళ్ళు. మొగుళ్ళ మీద చాడీలు చెప్పేవాళ్ళు, ఆమె చేతులతో వాళ్ళ మొగుళ్ళను అనుకరిస్తే పడీ పడీ నవ్వేవాళ్ళు. ఇప్పుడు కుర్చీలో ఉన్న మనిషితో చాడీలేం చెబుతారు? దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవారు.

చక్రం ఆమెకు రెండడుగుల దూరంలో తిరిగేది. మూడు రోజులు ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

పురులు పేనే ముసలమ్మ ఒకావిడ ఆ శాలలో అందరికంటే పాత మనిషి. మూడో రోజు సాయంత్రం ఆవిడ మేస్త్రిని పట్టుకుంది.

"ఏంటయ్యా, దాన్నలా కూర్చోబెట్టి చంపుతున్నావు?"

"శ్రమపెట్టకూడదన్నారు పిన్నీ."

"ఎవరూ?"

"గురువుగారు."

"ఆయనెప్పుడైనా అలా కూర్చున్నాడంటావా?"

అది కూడా పాఠంలో లేదు.

నాలుగో రోజు చక్రం తిప్పే మనిషి భుజం పట్టేసి రాలేదు. బల్లకట్టుకు కొత్త మోకు ఆ రోజే పేనాలి. మేస్త్రి ఇటు చివర పురులు సర్దుకుంటూ మనిషి కోసం చూస్తున్నాడు. ఆమె లేచింది. మెడలో దండ తీసి కుర్చీకి వేసింది. వెళ్ళి చక్రం పట్టుకుని తిప్పింది.

మొదట అంతా బాగానే ఉంది. ఆ తర్వాత మేస్త్రి "ఆపూ" అని అరిచాడు. ఆమె తిప్పుతూనే ఉంది. ఇంకోసారి అరిచాడు. మోకు ఒక్కసారిగా మెలిక పడి, పాములా లేచి, సగం శాలను చుట్టేసింది. రెండు రోజుల పని పాడైపోయింది.

మేస్త్రికి ఒళ్ళు మండిపోయింది. ఆ ఎనభై అంగలూ విసవిసా నడిచాడు. దగ్గరికి వచ్చేసరికి ఆమె రెండు చేతులతో పిడిని పట్టుకుని ఏడుస్తోంది. అతనికి ముప్పై రోజుల శిక్షణలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. చేతులు జోడించలేదు. తల వంచలేదు. ఆమె మొహంలోకి చూసి అడిగాడు.

"మరి నీకెలా చెప్పాలే?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. మూలనున్న పురికొస చుట్ట తీసింది. ఒక కొస తన మణికట్టుకు కట్టుకుంది. చుట్టతో ఎనభై అంగలూ నడిచి, రెండో కొస మేస్త్రి నిలబడే చోట గుంజకు కట్టి, చుట్ట విప్పుకుంటూ వెనక్కి వచ్చింది. తర్వాత వేళ్ళతో చెప్పింది. ఒకసారి లాగితే తిప్పుతాను. రెండుసార్లు లాగితే ఆపుతాను.

మేస్త్రి తన చోటికి వెళ్ళి ఒకసారి లాగాడు. చక్రం తిరిగింది. రెండుసార్లు లాగాడు. ఆగింది. అతను కాసేపు ఊరికే లాగుతూ కూర్చున్నాడు. ఇంత పిసరు సంగతి కోసం ఆమెను ఇన్నేళ్ళు చూరు కిందే ఉంచానని తల్చుకుంటే అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మోకు పేనాడు. అది బాగా వచ్చింది.

భుజం పట్టేసిన మనిషికి పురులు పేనే పని ఇచ్చారు. కూర్చుని చేసే పని దొరికినందుకు అతను సంతోషించాడు.

ఆ శాలకు ఇంకో ఇబ్బంది ఉండేది. రాజుగారి తాతగారు దయతలచి తాటాకు కప్పు తీయించి రేకులు వేయించారు. అప్పట్నుంచి కారడం మానేసింది కానీ, వాన పడితే లోపల పక్క మనిషి మాట కూడా వినపడదు. కేక వినపడకపోతే మోకు లేదు. అందుకని వానాకాలం మూడు నెలలూ శాల మూసి, అందరూ ఇళ్ళకు పోయి గంజి తాగేవారు. ఏటా అంతే. రేకుల మీద వాన మొదలవగానే మేస్త్రి తలుపు వేసేవాడు.

ఆ ఏడు వాన మొదలైంది. తలుపు వెయ్యడానికి మేస్త్రి లేచాడు. అటు చివర చక్రం తిరుగుతూనే ఉంది. ఆమెకు వానకూ ఎండకూ తేడా లేదు. ఆమె ఇటు చూసి, ఎందుకు లాగడం లేదన్నట్టు చెయ్యి ఊపింది. మేస్త్రి కూర్చున్నాడు. మర్నాడు ముసలమ్మ కూడా తన మణికట్టుకు పురికొస కట్టించుకుంది. వారం తిరిగేసరికి అందరి చేతులకూ పురికొసలున్నాయి. ఎవరు లాగితే ఎవరికి ఏం అర్థమో ఆమే కూర్చోబెట్టి నేర్పింది. ముసలమ్మ రెండుసార్లు తప్పు లాగితే ఆమె తల పట్టుకుంది. శాలంతా నవ్వింది.

ఎర్ర కుర్చీ మీద సద్దిగిన్నెలు పెట్టుకునేవారు.

అయితే మూడు నెలల గడువు దగ్గర పడుతోంది. మేస్త్రి ఒక రోజు ఆమె ఎదుట నిలబడి, పెదాలు బాగా కదిపి, గౌరవ మందిరం సంగతంతా చెప్పాడు.

"గురువుగారొచ్చే రోజు ఒక్క పూట కూర్చో అమ్మా. వెళ్ళిపోగానే లేద్దువుగాని."

ఆమె కొండ వైపు చూసింది. ఆమెకు భయమేసింది. కానీ ఒక్క పూట కూర్చుంటే, కూర్చునే మనిషి అని రాసుకుపోతారు. ఇంకో మూడు నెలలకు మళ్ళీ వస్తారు. ఆమె కూర్చోనని తల ఊపి, పిడి గట్టిగా పట్టుకుంది.

గురువుగారు బయల్దేరారు. ఆరు పనిశాలలు చూశారు. ఆరు కుర్చీలున్నాయి, ఆరు దండలున్నాయి. గానుగశాలలో కాలు లేని మనిషి కుర్చీలో కునికిపాట్లు పడుతున్నాడు. కుమ్మరిశాలలో చూపులేని మనిషి తడిమట్టి వాసన వస్తున్న వైపు తల తిప్పుకుని కూర్చున్నాడు. గురువుగారు ఆరుగురికీ తల వంచి నమస్కరించారు. తల వంచి ఉండటం వల్ల వాళ్ళ మొహాలు చూడలేదు. అంతా సవ్యంగా ఉందని రాసుకున్నారు.

తాళ్ళశాలకు వచ్చేసరికి వాన కుండపోతగా కురుస్తోంది. తలుపు తీసి ఉంది. లోపల పాతిక మంది పని చేస్తున్నారు. అటు చివర ఎర్ర కుర్చీ మీద సద్దిగిన్నెలున్నాయి. గురువుగారికి ఆశ్చర్యం వేసింది. ఆ తర్వాత బాధేసింది.

"ఇక్కడి నిశ్శబ్ద మహనీయులు ఎవరు?" అని అడిగారు.

ఒక్కరూ తల తిప్పలేదు. గొంతు పెంచారు. కొండ కిందికి వినపడే ఆ గొంతు రేకుల కింద ఆయనకే వినపడలేదు. ఎవరో పురికొస లాగారు. చక్రం ఆగింది. ఇంకెవరో లాగారు. ఇద్దరు లేచి పీచు మోసుకొచ్చారు. అందరికీ ఏదో తెలుస్తోంది. ఆయనకు ఏమీ తెలియడం లేదు. ఎవరికి వినపడదో పోల్చుకుందామని ఒక్కో మొహమే చూశారు. అందరూ ఒకేలా ఉన్నారు. మేస్త్రి దగ్గరికి వెళ్ళి అరిచారు. తన చెవి చూపించి, ఏమీ వినపడటం లేదని చేతులు తిప్పారు.

మేస్త్రి ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. శాలలోకి ఒక మనిషి వచ్చాడు. అతనికి వినపడటం లేదు. ఇక్కడి పని తెలియదు. ఇలాంటి మనిషికి ఏం చెయ్యాలో మేస్త్రి ముప్పై రోజులు నేర్చుకున్నాడు. నేర్చుకున్నది ఊరికే పోనిచ్చే మనిషి కాదతను.

గురువుగారి చెయ్యి పట్టుకుని అటు చివరికి తీసుకెళ్ళాడు. సద్దిగిన్నెలు తీయించి, కుర్చీ తుడిచి, ఆయన్ను కూర్చోబెట్టాడు. పూల దండ లేదు. కొత్త పురికొస చుట్టి మెడలో వేశాడు. అందరూ వరసగా వచ్చి నమస్కారం పెట్టారు.

"ఆమెక్కడ?" అని గురువుగారు ప్రతి ఒక్కరినీ అడిగారు. అందరి తలలూ పూర్తిగా వంగి ఉన్నాయి. ఎవరికీ ఆయన నోరు కనపడలేదు.

తర్వాత ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. ఆయన లేవబోయారు. ముసలమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కూర్చోబెట్టింది. ఏదో చెప్పింది. శ్రమపడొద్దని అయి ఉంటుంది.

కుర్చీ చాలా మెత్తగా ఉంది. గురువుగారికి మొదట కోపం వచ్చింది. కొంతసేపటికి కోపం పోయి సిగ్గేసింది. ఎదురుగా ఎనభై అంగల పొడవునా మూడు పురులు ఒకదాన్నొకటి పెనవేసుకుంటూ మోకవుతున్నాయి. అందులో అందరి చేతులూ ఉన్నాయి. పీచు మోసుకుని పక్కనుంచి పోయేవాళ్ళు ఆయన్ను చూసి జాలిగా నవ్వి పోతున్నారు. తడిమట్టి వైపు తల తిప్పుకున్న మనిషి గుర్తొచ్చాడు. వాన తగ్గలేదు. జాము గడిచేసరికి ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది.

"నాకూ ఏదైనా పని చెప్పండి," అన్నారు.

మెల్లగానే అన్నారు. ఎంత గట్టిగా అన్నా ఒకటేనని అప్పటికి తెలిసిపోయింది.

చక్రం దగ్గరున్న ఆమె ఆయన పెదాలు చూసింది. పాతిక మందిలో ఆ మాట విన్నది ఆమె ఒక్కతే. ఆయన తలపాగా కొండ మీదిదని ఆమెకు తెలుసు. ఎందుకొచ్చాడో తెలుసు. ఇప్పుడు తను పలికితే, ఎవరికోసం వెతుకుతున్నాడో అతనికి తెలిసిపోతుంది. చూడనట్టు ఊరుకుంటే వాన తగ్గాక వెళ్ళిపోతాడు. ఆమె పిడి మీద చేతులు బిగించింది. అటు తిరిగి నిలబడింది.

కానీ ఆ కుర్చీలో ఆమె మూడు రోజులు కూర్చుంది.

ఆమె పురికొసను రెండుసార్లు లాగింది. శాలంతా ఆగిపోయింది. ఆమె వెళ్ళి గురువుగారి మెడలోని చుట్ట తీసింది. దాని ఒక కొస ఆయన మణికట్టుకు కట్టి, రెండో కొస తన పురికొసకు ముడేసింది. చెయ్యి పట్టుకుని లేపి, చక్రం రెండో పిడి దగ్గర నిలబెట్టింది. వేళ్ళతో చూపించింది. ఒకటి అంటే తిప్పు. రెండు అంటే ఆపు.

గురువుగారు ఆమె మొహంలోకి చూశారు. ఎవరో తెలిసింది. ఆమె ఆయన చూపును తప్పించుకోలేదు.

పురికొస ఒకసారి కదిలింది. ఇద్దరూ తిప్పారు.

మర్నాడు రాజుగారు కొలువులో గురువుగారు రాసిన పనిశాలల పట్టీ తెప్పించుకున్నారు. ఆరు గళ్ళు నిండి ఉన్నాయి. ఏడోది ఖాళీగా ఉంది.

"తాళ్ళశాలలో ఎవరూ లేరా?"

"ఒకడున్నాడు మహారాజా," అన్నారు గురువుగారు.

"కుర్చీలో కూర్చోబెట్టారా?"

"కూర్చోబెట్టారు. తర్వాత లేపారు."

"లేపారా? లేపి?"

"పని నేర్పుతున్నారు. ఇంకా సరిగ్గా రాలేదు. రేపు కూడా రమ్మన్నారు."

"గౌరవ మందిరానికి తెప్పించమంటావా?"

"వద్దు మహారాజా. అతనికి అక్కడే బాగుందట. పట్టీలో ఆ ఆరు గళ్ళు కూడా కొట్టేయించండి. నేను మళ్ళీ వెళ్ళి, ఏ పని ఎలా చేస్తారో ఆ ఆరుగురినే అడిగి రావాలి."

రాజుగారు ఆరు గళ్ళు కొట్టేయించారు. ఏడో గడి ఎదుట లేఖకుడు గంటం పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ తాళ్ళశాల మనిషి పేరేంటి?" అని అడిగారు రాజుగారు.

గురువుగారు మణికట్టు మీది పురికొస గుర్తును ఒకసారి తడుముకుని, తన పేరు చెప్పారు.